సూపర్‌మ్యాన్‌ని పెంచిన ఇల్లు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం మాట్లాడుకోబోయేది 2025 జులై 11న విడుదలైన 'సూపర్‌మ్యాన్' గురించి, దానికి ముందు ఎనభై ఏళ్లకు పైగా తెర మీదికి వస్తూ పోతూ ఉన్న మిగతా సూపర్‌మ్యాన్‌ల గురించి. కొత్తది వచ్చిన ప్రతిసారీ మన మాటలు రెండు మూడు విషయాల దగ్గరే తిరుగుతుంటాయి. డ్రెస్ ఎలా ఉంది, గ్రాఫిక్స్ ఎలా కుదిరాయి, ఈ కుర్రాడు క్రిస్టఫర్ రీవ్‌కి సరితూగుతాడా లేదా. వాటిని నేను తీసిపారెయ్యను, మధ్యలో కాస్త ముట్టుకుంటాను కూడా. కానీ ఇన్ని సినిమాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఒక ఇంటి విషయం. ఈ పిల్లవాణ్ని కన్నతండ్రి ఏం చెప్పి పంపించాడు? పెంచిన తండ్రి ఏం చెప్పి పెంచాడు? ఇద్దరి మాటా ఒకటి కానప్పుడు కొడుకు ఎవరి మాట విన్నాడు? జేమ్స్ గన్ తీసిన కొత్త సినిమాకి ప్రాణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అది ఎంతవరకు కొత్తది, ఎంతవరకు పాతది అన్నదే నా ప్రసంగం.

కథ అందరికీ తెలిసిందే అయినా రెండు ముక్కల్లో చెప్పుకుందాం. క్రిప్టాన్ అనే గ్రహం పేలిపోబోతోంది. జోర్-ఎల్, లారా అనే దంపతులు తమ పసిబిడ్డను ఒక నౌకలో పెట్టి భూమికి పంపేస్తారు. అమెరికాలో కాన్సస్ పల్లెలో కెంట్ అనే రైతు దంపతులకు ఆ బిడ్డ దొరుకుతాడు. వాళ్లే క్లార్క్ అని పేరు పెట్టి పెంచుతారు. పెద్దయ్యాక అతను కళ్లద్దాలు పెట్టుకుని మామూలు రిపోర్టర్‌గా బతుకుతూ, అవసరమైనప్పుడు సూపర్‌మ్యాన్ అవుతాడు.

ఇంతేగా కథ, ఇందులో మార్చడానికి ఏముంది అనిపిస్తుంది. కానీ మొట్టమొదట ఈ కథలో పెంచిన ఇల్లే లేదు! జెర్రీ సీగల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టించిన పాత్ర ఇది. ఇద్దరూ యూదు వలస కుటుంబాల పిల్లలు. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ అచ్చయ్యాడు. ఆ హక్కుల కోసం వాళ్లిద్దరికీ ముట్టింది 130 డాలర్లు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాళ్లు పడిన కష్టం వేరే సభకి సరిపోయేంత ఉంది. ఆ మొదటి సంచికలో బిడ్డను దారిన పోయే ఒక కారు మనిషి చూసి అనాథాశ్రమంలో అప్పగిస్తాడు. అంతే. అమ్మా లేదు, నాన్నా లేడు. మరుసటి ఏడాది, 1939లో వచ్చిన సూపర్‌మ్యాన్ మొదటి సంచికలో గానీ కెంట్ దంపతులు కథలోకి రాలేదు. సీగల్ తండ్రి బట్టల కొట్టు నడిపేవారు. 1932లో కొట్టులో దొంగలు పడినప్పుడు గుండె ఆగి చనిపోయారు. తండ్రి లేని కుర్రాడు రాసిన కథలో తండ్రి స్థానం మొదట ఖాళీగా ఉండి, తర్వాత నిండింది. దీని మీద పెద్ద సిద్ధాంతం కట్టను గానీ, ఈ కథలో ఆ స్థానం మీద ప్రతి తరం వాళ్లూ చెయ్యి పెట్టడం మాత్రం యాదృచ్ఛికం కాదని నమ్ముతాను.

తెర మీదికి వద్దాం. 1941లో ఫ్లైషర్ స్టూడియో వాళ్లు తీసిన కార్టూన్లు మొదటివి. రంగుల్లో, ఇవాళ చూసినా కళ్లు తిప్పుకోనివ్వవు. 1948లో కొలంబియా వాళ్లు 15 భాగాల సీరియల్ తీశారు, కిర్క్ ఆలిన్ హీరో. అందులో ఆయన ఎగరాల్సి వచ్చేసరికి మనిషి మాయమై బొమ్మ వచ్చేది. అంటే ఎగిరే షాట్‌ని కార్టూన్‌గా గీసి అతికించేవారు. 1951లో జార్జ్ రీవ్స్‌తో 'సూపర్‌మ్యాన్ అండ్ ది మోల్ మెన్' వచ్చింది, గట్టిగా గంట కూడా లేని సినిమా. దీన్ని చాలామంది చూసి ఉండరు. అవకాశం దొరికితే చూడండి. ఒక చిన్న ఊళ్లో చమురు కోసం లోతుగా బావి తవ్వుతారు. భూగర్భంలోంచి పొట్టి మనుషులు పైకి వస్తారు. వాళ్లు ఎవరికీ హాని చెయ్యరు. ఊరి జనం భయంతో తుపాకులు పట్టుకుని వాళ్లని వేటాడతారు. సూపర్‌మ్యాన్ ఆ సినిమా అంతా చేసే పని ఏమిటంటే, ఆ గుంపుకి అడ్డంగా నిలబడటం. విలన్ అంతరిక్షం నుంచి రాలేదు, ఊళ్లోనే ఉన్నాడు, పైగా ఒక్కడు కాదు. కొత్త సినిమా రాజకీయాలు మాట్లాడుతోందని, సూపర్‌మ్యాన్‌ని వలసదారు అంటోందని 2025లో అమెరికాలో కొందరు చాలా గొడవ చేశారు. వాళ్లు 1951 నాటి ఈ సినిమా చూసి ఉంటే ఆ మాట అనేవారు కాదు. పరాయివాడి పక్షాన నిలబడటం ఈ పాత్రకి మొదటి నుంచీ ఉన్న స్వభావం.

ఆ వెంటనే జార్జ్ రీవ్స్‌తోనే టీవీ సీరియల్ మొదలై 1958 దాకా నడిచింది, 104 ఎపిసోడ్లు. ఆయన స్ప్రింగ్‌బోర్డ్ మీంచి కిటికీలోకి దూకేవారు, మనం ఎగిరాడని నమ్మాలి.

ఇప్పుడు 1978. రిచర్డ్ డానర్ దర్శకుడు, క్రిస్టఫర్ రీవ్ హీరో. 'మనిషి ఎగరగలడని మీరు నమ్ముతారు' అనే అర్థం వచ్చే మాట పోస్టర్ మీద వేసుకుని వచ్చింది. నమ్మించారు కూడా. జోరాన్ పెరిసిక్ అనే నిపుణుడి పద్ధతి అందుకు చాలా సాయపడింది. వెనక తెర మీద ఆకాశాన్ని చూపించే ప్రొజెక్టర్‌కీ, ముందున్న కెమెరాకీ ఒకే సమయంలో ఒకే తీరులో జూమ్ అయ్యే లెన్సులు పెట్టారు. రెండూ కలిసి కదిలితే వెనక ఆకాశం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది, ముందు వేలాడుతున్న మనిషి మాత్రం మన మీదికి దూసుకొస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి ఆయన అంగుళం కూడా కదలడు. ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్‌లో ప్రత్యేక ఆస్కార్ వచ్చింది.

కానీ ఆ సినిమాలో నాకు అన్నిటికన్నా గొప్ప ఎఫెక్ట్ అనిపించేది వైర్లు, తెరలు లేనిది. తను ప్రేమించే తోటి రిపోర్టర్ లోయిస్ ఇంట్లో క్లార్క్ ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఆమె లోపల తయారవుతోంది. నిజం చెప్పేద్దామని అతను కళ్లద్దాలు తీస్తాడు. భుజాలు వెనక్కి వెళ్తాయి, వెన్ను నిటారుగా అవుతుంది, ఎత్తే పెరిగినట్టు ఉంటుంది. గొంతు మారుతుంది. ఆమె బయటికి రాగానే ధైర్యం చాలక మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని, భుజాలు కుంచించుకుని, నంగిమాటల క్లార్క్ అయిపోతాడు. ఒకే షాట్‌లో ఒకే మనిషి ఇద్దరుగా మారడం చూస్తాం. కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టకపోవడం ఏమిటి అని అడిగే వాళ్లందరికీ రీవ్ ఇచ్చిన జవాబు అది. తర్వాత వచ్చిన ఏ నటుడూ ఆ జవాబుని దాటలేదు.

సరే, తండ్రుల దగ్గరికి వస్తాను. ఈ సినిమాలో కన్నతండ్రి మార్లన్ బ్రాండో. తెల్లని జుట్టు, మెరిసే బట్టలు, దైవవాణిలాంటి గొంతు. మనుషుల్లో మంచితనం ఉంది, దారి చూపే వెలుగే లేదు, అందుకే నా ఒక్కగానొక్క కొడుకుని వాళ్ల దగ్గరికి పంపుతున్నాను అంటాడు. బైబిల్ వాసన ఎవరికైనా తెలుస్తుంది. పెంచిన తండ్రి గ్లెన్ ఫోర్డ్. తెర మీద కొద్ది నిమిషాలే ఉంటాడు. ఫుట్‌బాల్ టీమ్‌లో చోటు దొరక్క, తన శక్తిని చూపించుకోలేక ఉడికిపోతున్న కొడుకుతో పొలం దారిలో నడుస్తూ మాట్లాడతాడు. నువ్వు ఎందుకు వచ్చావో నాకు తెలీదు నాన్నా, కానీ ఏదో ఒక కారణం కోసం వచ్చావు, అది ఆటలో గోల్స్ కొట్టడం కోసం మాత్రం కాదు అంటాడు. ఇద్దరూ ఇంటికి పందెం పెట్టుకుని పరిగెత్తబోతారు. ఆయన రెండడుగులు వేసి, చెయ్యి పట్టుకుని, కూలిపోతాడు. గుండెపోటు. ఇన్ని శక్తులుండి కూడా నాన్నని కాపాడుకోలేకపోయానని స్మశానంలో కొడుకు అంటాడు.

ఇక పతాక సన్నివేశం. లోయిస్ చనిపోయింది. సూపర్‌మ్యాన్ ఆకాశంలోకి లేస్తాడు. మేఘాల్లో బ్రాండో ముఖం. మానవ చరిత్రలో నువ్వు జోక్యం చేసుకోకూడదు అన్న ఆజ్ఞ వినిపిస్తుంది. దాని మీదుగా ఇంకో గొంతు, కాన్సస్ రైతు గొంతు. నువ్వు ఏదో ఒక కారణం కోసం వచ్చావు. రెండు గొంతులూ ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. అతను రైతు మాట విని భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పేస్తాడు. భూమి వెనక్కి తిరిగితే కాలం వెనక్కి తిరుగుతుందా అని నలభై ఏళ్లుగా నవ్వుకుంటున్నారు. ఆ నవ్వులో అసలు సంగతి మరుగున పడింది. బ్రాండో పేరు హీరో కంటే ముందు వేసి, అంత పెద్ద పారితోషికం ఇచ్చి తీసిన సినిమా కూడా, తీరా నిర్ణయించుకోవాల్సి వచ్చినప్పుడు, పెంచిన తండ్రి పక్షమే వహించింది.

ఇక్కడ మన వైపు సంగతి ఒకటి. హాలీవుడ్ సూపర్‌మ్యాన్ వచ్చిన రెండేళ్లకే, 1980లో, ఎన్టీ రామారావు గారితో వి. మధుసూదనరావు గారు తెలుగులో 'సూపర్‌మ్యాన్' తీశారు. అందులో గ్రహం లేదు, నౌక లేదు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడికి ఆంజనేయస్వామి అనుగ్రహంతో శక్తి వస్తుంది. శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందన్న ప్రశ్నకి మనవాళ్లు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఆ జవాబు తెలిసిపోయాక ఇద్దరు తండ్రుల మధ్య నలిగిపోవడం అనే సమస్యే ఉండదు. అందుకే మన సినిమాకీ వాళ్ల సినిమాకీ పేరు, డ్రెస్ తప్ప పోలిక తక్కువ.

1980, 83, 87ల్లో వచ్చిన రీవ్ సినిమాల్ని దాటేస్తున్నాను. రెండోది బాగుంటుంది, నాలుగోది గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 1993లో మొదలైన 'లోయిస్ అండ్ క్లార్క్' టీవీ సీరియల్లో మాత్రం ఒక పెద్ద మార్పు జరిగింది. కెంట్ దంపతులిద్దరూ బతికే ఉంటారు, కొడుక్కి ఫోన్ చేస్తుంటారు, వచ్చి పోతుంటారు. జాన్ బర్న్ 1986లో కామిక్స్‌ని తిరగరాసినప్పుడు మొదలుపెట్టిన పద్ధతి అది. కొడుకు హీరో కావాలంటే నాన్న చనిపోవాలి అన్న నియమం అక్కడ తెగిపోయింది.

తర్వాత 2001 నుంచి 2011 దాకా పది సీజన్లు నడిచిన 'స్మాల్‌విల్'. ఇక్కడ కొంచెం ఆగాలి. గన్ సినిమాలో అందరూ ఉలిక్కిపడిన మలుపుకి మూలం ఇక్కడ ఉంది. 2003లో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో కుర్ర క్లార్క్‌కి తన కన్నతండ్రి సందేశం మొదటిసారి దొరుకుతుంది. దాన్ని చదవడానికి దారి చూపే శాస్త్రవేత్తగా నటించింది ఎవరనుకుంటున్నారు? క్రిస్టఫర్ రీవ్. 1995లో గుర్రం మీంచి పడి మెడ కింద నుంచి కదలిక పోగొట్టుకున్న రీవ్, చక్రాల కుర్చీలో కూర్చుని ఆ కుర్రాడితో మాట్లాడతారు. వెనక 1978 సినిమాకి జాన్ విలియమ్స్ చేసిన పాత సంగీతం ఛాయ వినిపిస్తుంది. టీవీలో అంత బరువైన సీను నేను ఎక్కువ చూడలేదు. ఆ సందేశం ఏమిటంటే, అక్కడి మనుషులు లోపాలున్న జాతి, వాళ్లని బలంతో పాలించు, నీ గొప్పదనం అందులోనే ఉంది అని. ఇంటికొచ్చిన కొడుకు వణికిపోతాడు. నన్ను జయించడానికి పంపారా అని అడుగుతాడు. అంటే, కన్నవాళ్ల మాట దుర్మార్గమైతే ఏం చెయ్యాలి అన్న ప్రశ్న 2025లో కొత్తగా పుట్టింది కాదు. ఇరవై రెండేళ్ల ముందు టీవీలో అడిగేశారు.

2006లో బ్రయాన్ సింగర్ 'సూపర్‌మ్యాన్ రిటర్న్స్' తీశారు. అది ప్రేక్షకులకి అంతగా ఎక్కలేదు. రీవ్ సినిమాల కొనసాగింపుగా, భక్తితో తీసింది. బ్రాండో అప్పటికి చనిపోయారు, పాత ఫిల్మ్‌లోంచి ఆయన గొంతు, ముఖం తెచ్చి వాడుకున్నారు. బ్రాండన్ రౌత్ కూడా రీవ్‌ని తలపించేలాగే ఉంటాడు. అంత భక్తి ఉన్న సినిమా కాబట్టి కొత్తగా ఏమీ చెప్పలేదని అందరం అనుకున్నాం. నేను ఈ మధ్య మళ్లీ చూసినప్పుడు తండ్రుల లెక్కలో అదెంత సాహసమో అర్థమైంది. సూపర్‌మ్యాన్ అయిదేళ్లు కనిపించకుండా పోయి తిరిగొచ్చేసరికి లోయిస్‌కి ఒక కొడుకు ఉంటాడు. ఆ పిల్లవాడు తన కొడుకే. కానీ వాణ్ని పెంచుతున్నది రిచర్డ్ అనే ఇంకో మనిషి, చాలా మంచివాడు, అవసరమైతే ప్రాణం పణంగా పెట్టేవాడు. ఇప్పుడు సూపర్‌మ్యానే జోర్-ఎల్ స్థానంలో ఉన్నాడు. కన్నాడు, పెంచలేదు. చివర్లో రాత్రిపూట నిద్రపోతున్న పిల్లవాడి మంచం దగ్గర నిలబడి, తన తండ్రి తనకి చెప్పిన మాటలే చెప్పి, కిటికీలోంచి వెళ్లిపోతాడు. ఆ ఇంటిని కూల్చడు, ఆ నాన్నని వాడి దగ్గర్నుంచి లాక్కోడు. ఈ పాత్ర చేసిన అతి కష్టమైన పని అదేనని నాకు అనిపిస్తుంది, విమానాన్ని పట్టుకుని ఆపడం దాని ముందు చిన్నది.

ఇక 2013, జాక్ స్నైడర్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్'. హెన్రీ కావిల్ హీరో, కెవిన్ కాస్ట్‌నర్ పెంచిన తండ్రి, రస్సెల్ క్రో కన్నతండ్రి. ఈ సినిమాని ప్రాణంగా ప్రేమించేవాళ్లు ఈ హాల్లో కూడా ఉండి ఉంటారు. వాళ్లని నొప్పించాలని నాకు లేదు, కానీ నా మాట నేను చెప్పాలి.

స్కూల్ బస్సు నదిలో పడుతుంది. పదమూడేళ్ల క్లార్క్ దాన్ని ఒడ్డుకి తోసి పిల్లల్ని కాపాడతాడు. ఒక తల్లి చూసేస్తుంది. తర్వాత తండ్రి కోప్పడతాడు, ఇది రహస్యంగా ఉంచాలని చెప్పాను కదా అంటాడు. మరి నేనేం చెయ్యాలి, వాళ్లని చచ్చిపోనివ్వాలా అంటాడు కొడుకు. ఆ తండ్రి ఒక్క క్షణం ఆగి 'ఏమో' అంటాడు. ఆ 'ఏమో' మీద పుష్కరం నుంచి తగాదా నడుస్తోంది. దాన్ని రాసినవాళ్ల ఉద్దేశం నాకు అర్థమవుతుంది. బయటపడితే నా బిడ్డని ప్రభుత్వం ఎత్తుకుపోతుంది, ప్రపంచం తట్టుకోలేదు అని భయపడే నాన్న అతను. భయం అబద్ధం కాదు. పిల్లవాడు వేరేగా ఉన్నప్పుడు, వాడి మీద జనం కళ్లు పడకుండా దాచుకోవాలని చూసే తల్లిదండ్రుల్ని మనం చూడలేదా? కాస్ట్‌నర్ నటన కూడా నిజాయితీగా ఉంటుంది.

కానీ దాని ఫలితం టోర్నడో సీను. హైవే మీద సుడిగాలి వస్తోంది. తండ్రి కార్లో చిక్కుకుపోయిన కుక్కని వదిలించడానికి వెళ్లి తనే చిక్కుకుంటాడు. కొడుకు అందరిలో నిలబడి ఉన్నాడు. కళ్లు మూసి తెరిచేలోపు వెళ్లి తీసుకురాగలడు. అడుగు ముందుకి వెయ్యబోతుంటే తండ్రి చెయ్యి పైకెత్తుతాడు. అరచెయ్యి చూపించి, వద్దు, అన్నట్టు తల కొంచెం ఊపుతాడు. దుమ్ము కమ్మేస్తుంది. ఆ చెయ్యి ఎత్తిన షాట్ నిజంగా మరిచిపోలేం. పితృవాక్య పరిపాలన అంటే మనకి గౌరవం ఉంది. కానీ రాముడు తండ్రి మాట మీద తన రాజ్యం వదులుకున్నాడు. ఇక్కడ కొడుకు తండ్రి మాట మీద తండ్రి ప్రాణాన్నే వదులుకున్నాడు. కాపాడటమే స్వభావంగా ఉన్న పాత్రకి ఆ ఇంట్లో కాపాడకపోవడం నేర్పారు. ఆ సినిమాలో అతనికి నువ్వు వీళ్లందర్నీ కాపాడగలవు అని చెప్పేది పెంచిన తండ్రి కాదు, నౌకలో వెలుగుబొమ్మగా కనిపించే జోర్-ఎల్. అంటే 1978 తీర్పుని 2013 తిరగేసింది. ధైర్యం రక్తంలోంచి వచ్చింది, భయం ఇంట్లోంచి వచ్చింది. చివర్లో క్రిప్టాన్ నుంచి వచ్చిన విలన్ జనరల్ జాడ్ మెడ విరిచేసి మోకాళ్ల మీద పడి అరిచే సూపర్‌మ్యాన్‌ని చూసి చాలామంది అభ్యంతరపెట్టారు. నాకు ఆ మెడ కన్నా ఈ అరచెయ్యే ఎక్కువ బాధ కలిగించింది.

అందుకే 2025 సినిమాకి ఈ విషయంలో చాలా పని మిగిలి ఉంది. గన్ ఏం చేశారో చూడండి. గ్రహం పేలడం చూపించలేదు. పసిబిడ్డ నౌక చూపించలేదు. కొన్ని వాక్యాలు తెర మీద వేసి, జీవితంలో మొదటిసారి ఓడిపోయి అంటార్కిటికా మంచులో పడ్డ సూపర్‌మ్యాన్ దగ్గర కథ మొదలుపెట్టారు. హీరో డేవిడ్ కోరెన్‌స్వెట్ నెత్తురు కక్కుతూ ఈల వేస్తాడు, క్రిప్టో అనే కుక్క పరిగెత్తుకొస్తుంది. అది మాట వినే కుక్క కాదు, గాయాలున్నవాడి మీద ఎక్కి గెంతుతుంది. ఇంటికి తీసుకెళ్లు అని బతిమాలితే మంచులో ఈడ్చుకుంటూ తీసుకెళ్తుంది. అక్కడ రోబోలు సూర్యకాంతి పట్టి వైద్యం చేస్తూ, నొప్పి మరిచిపోవడానికి ఒక వీడియో వేస్తాయి. కన్నతల్లిదండ్రుల సందేశం. సగమే మిగిలింది, మిగతాది చెడిపోయింది. నిన్ను ఎంతో ప్రేమిస్తున్నాం, నువ్వు ఎక్కువ మంచి చెయ్యగలిగిన చోటికి పంపుతున్నాం అనే సగం. ఇన్నాళ్లూ అతను బతికింది ఆ సగం సందేశం మీదే.

సూపర్‌మ్యాన్ బద్ధశత్రువు లెక్స్ లూథర్ మంచులోని ఆ కోటలోకి చొరబడి రెండో సగం బయటికి తీయించి టీవీల్లో వేయిస్తాడు. అక్కడివాళ్లు బలహీనులు, కనికరం లేకుండా పాలించు, భార్యల్ని పోగుచేసుకుని మన వంశం పెంచు. ఒక్క పూటలో జనం తిరగబడతారు. నికొలస్ హోల్ట్ చేసిన లూథర్ పగటివేషం వేసుకున్న విలన్‌లా ఉండడు, అసూయతో లోపల కాలిపోతున్న మేధావి. సూపర్‌మ్యాన్‌ని మనిషిగా కూడా లెక్కించకుండా మాట్లాడతాడు. ఈ లూథర్ నాకు రీవ్ సినిమాల్లో ఆ పాత్ర చేసిన జీన్ హాక్‌మన్ కన్నా బాగా నచ్చాడు, హాక్‌మన్ అంటే ఎంత ఇష్టమున్నా సరే.

సూపర్‌మ్యాన్ కాన్సస్ ఇంటికి చేరతాడు. ఇక్కడి జోనథన్ కెంట్ ప్రూయిట్ టేలర్ విన్స్. గ్లెన్ ఫోర్డ్‌లా హుందాగా ఉండడు, కాస్ట్‌నర్‌లా అందగాడు కాదు. బొద్దుగా, బట్టతలతో, మాట తడబడుతూ, కన్నీళ్లు ఆపుకోలేని ముసలి నాన్న. ముందు ఫోన్‌లో భార్యాభర్తలిద్దరూ ఒకేసారి గట్టిగా అరిచి మాట్లాడుతుంటే థియేటర్లో అందరూ నవ్వారు. ఊరి యాసని మరీ ఎక్కువ చేశారని కొందరు విసుక్కున్నారు. ఆ నాన్నే ఇప్పుడు ఇంటి బయట కొడుకు పక్కన కూర్చుని చెప్తాడు. నువ్వు ఎవరివి కావాలో చెప్పడానికి కాదు తల్లిదండ్రులున్నది. నువ్వు ఎంచుకున్నవి, నువ్వు చేసినవి, అవే నువ్వు. అంతే, పెద్ద సంగీతం లేదు, మేఘాల్లో ముఖం లేదు.

మహాభారతం చదివినవాళ్లకి ఇక్కడ ఉద్యోగ పర్వం గుర్తురాక మానదు. కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెప్పి, వచ్చేయ్, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు రానంటాడు. నన్ను పెంచింది రాధ, అధిరథుడు, వాళ్లని కాదని రాలేనంటాడు. తేడా ఏమిటంటే కర్ణుడికి కన్నవాళ్ల వైపు ధర్మం ఉంది, అయినా వదులుకున్నాడు. క్లార్క్‌కి కన్నవాళ్ల వైపు అధర్మం ఉంది. వదులుకోవడం అతనికి సులువు. ఈ సులువు మీదే నాకు అభ్యంతరం ఉంది, దానికి వస్తాను.

అంతకుముందు లోయిస్ ఇంటర్వ్యూ సీను గురించి చెప్పకుండా ఉండలేను. ఇద్దరూ అప్పటికే మూడు నెలలుగా ప్రేమలో ఉన్నారు. లోయిస్‌గా చేసిన రేచల్ బ్రాస్నహన్ రికార్డర్ ఆన్ చేసి, సరే, ఇప్పుడు నువ్వు సూపర్‌మ్యాన్, నేను రిపోర్టర్ అంటుంది. బొరావియా అనే దేశం పక్కనున్న జర్హాన్‌పూర్ మీదికి దండెత్తితే అతను వెళ్లి ఆపాడు. ఎవర్ని అడిగి ఆపావు? ఏ అధికారంతో? ఆ దేశాధ్యక్షుణ్ని ఎడారికి ఎత్తుకెళ్లి బెదిరించావా లేదా? మొదట నవ్వుతూ జవాబిస్తాడు, తర్వాత గొంతు పెరుగుతుంది, చివరికి జనం చచ్చిపోయేవాళ్లు అని అరుస్తాడు. చాలా నిమిషాల పాటు గదిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం, అంతే. ఇంతకుముందు ఏ సూపర్‌మ్యాన్ సినిమాలోనూ లోయిస్ ఇంత మంచి జర్నలిస్టుగా కనిపించలేదు. ఎదుటివాడి మీద ప్రేమ ఉండి కూడా ప్రశ్న తగ్గించదు. వాళ్ల మధ్య బంధం ఇంత బాగా రాసిన సినిమాలో, మన దేశంలో సెన్సార్ వాళ్లు గాల్లో ముద్దు సీనుని 33 సెకన్లు కోయించారు. కుటుంబంతో చూసే, ఇంత ప్రేమ ఉన్న సినిమాలో దాన్ని కోయాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సినిమాలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. పాత్రలు ఎక్కువైపోయాయి. లూథర్ కట్టుకున్న ఆ వేరే విశ్వం, అందులో జైలు, నది, ఆ ఘట్టమంతా నాకు సాగదీసినట్టు అనిపించింది. జర్హాన్‌పూర్ జనానికి జెండా పట్టుకుని పిలవడం తప్ప మాటలు లేవు. వాళ్లలో ఒక్కరికైనా పేరు, ఇల్లు ఇచ్చి ఉంటే ఆ యుద్ధం మనకి నొప్పిగా తాకేది.

ఇక నా పెద్ద అభ్యంతరం. జేమ్స్ గన్ తన సినిమాని వేరేచోటు నుంచి వచ్చినవాడి కథ అన్నారు. బాగుంది. మరి అలాంటి కథలో, వచ్చిన దేశం చెడ్డది, చేరిన దేశం మంచిది అని తేల్చెయ్యడం న్యాయమేనా? ఈ ప్రశ్న మనకి దూరంది కాదు. మన కుటుంబాల్లో సగం పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరుగుతున్నారు. తాతల ఊరి నుంచి వాళ్లకి అందేది కూడా సగం సందేశమే. సగం భాష, సగం కథలు, వీడియో కాల్‌లో సగం వినిపించే గొంతు. మిగతా సగంలో పాలించు, తొక్కెయ్ అని మాత్రమే ఉంటుందా? కులం లాంటి చెడ్డవి ఉంటాయి, ఒప్పుకుంటాను, వాటిని ఆ పిల్లలు తిరస్కరిస్తే సంతోషిస్తాను. కానీ పోగొట్టుకున్న గ్రహానికి భాష ఉంది, పాట ఉంది, వంట ఉంది. 1978 సినిమాలో ఆ నష్టం బరువు ఉంది. బ్రాండో, సుసానా యార్క్ బిడ్డను పంపేటప్పుడు మనకి గొంతు పట్టేస్తుంది. గన్ పెంచిన ఇంటికి గుడి కట్టడానికి పుట్టిన ఇంటిని కూల్చేశారు. రెండు ఇళ్లూ నిలబడి ఉండగా ఎంచుకోవాల్సి వస్తే ఆ ఎంపికకి ఇంకా విలువ ఉండేది.

ఇంత అన్నాక కూడా, ఆఖరి సీను దగ్గర నేను లొంగిపోయానని చెప్పాలి. మళ్లీ గాయాలు, మళ్లీ అదే కుర్చీ, అదే సూర్యకాంతి. వీడియో వెయ్యమంటే ఈసారి జోర్-ఎల్ రాడు. చిన్నప్పటి ఇంటి వీడియోలు వస్తాయి. పొలంలో, ఇంట్లో ఆడుకునే పిల్లవాడు, వాణ్ని పట్టుకున్న అమ్మానాన్నలు, కదిలిపోతున్న కెమెరా. ఒక్క మాట లేకుండా మొత్తం తీర్పు చెప్పేశారు. బ్రాండో గొంతు స్థానంలో ఒక రైతు తీసిన అతుకులబొంత వీడియో వచ్చి కూర్చోవడానికి తెర మీద నలభై ఏడేళ్లు పట్టింది.

దానికి ముందే ఒక్క నిమిషం పాటు ఇంకొకరు వచ్చి వెళ్తారు. సూపర్‌గర్ల్, కారా, అతని అక్కచెల్లెళ్ల వరస. నటించింది మిల్లీ ఆల్కాక్. తాగి తూలుతూ వచ్చి తన కుక్కని తీసుకుని వెళ్లిపోతుంది. నవ్వు కోసం పెట్టిన సీనులా ఉంది కానీ, కామిక్స్‌లో ఈమె పసిబిడ్డగా రాలేదు. క్రిప్టాన్‌లోనే పెరిగింది. ఆ భాష మాట్లాడింది, ఆ వీధులు, ఆ ఇల్లు, తల్లిదండ్రులు ఆమెకి గుర్తున్నాయి. గన్ బృందం ఆమె మీద విడిగా సినిమా తలపెట్టింది. జోర్-ఎల్ సందేశం విన్నప్పుడు ఆమె ఏమంటుందో నాకు వినాలని ఉంది. అది అబద్ధం అంటుందా, అవును మా వాళ్లు అలాంటివాళ్లే అంటుందా, అయినా అది మా ఇల్లే అంటుందా. ఈ మూడింటిలో ఏది చెప్పినా, ఇప్పుడు నేను చేసిన అభ్యంతరం మీద మనం మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఓపిగ్గా విన్నందుకు ధన్యవాదాలు. 'మ్యాన్ ఆఫ్ స్టీల్' అభిమానులు ముందు మైకు తీసుకోండి, మీ మాట వినాలి.